రీలు కడిగిన చేతులు

నా చిన్నప్పుడు, ఐదో తరగతిలో, నేనూ మా బడీ ఒకరినొకరం వదిలేసుకున్నాం. బడి ఆ తర్వాత బాగానే పైకొచ్చింది. ఇప్పుడు దానికి మూడంతస్తులు, లిఫ్టు కూడా పెట్టారట. నేను మాత్రం కిందికే పోయాను. తెల్లాపూర్‌లో ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో, సెల్లారు కంటే కింద, మురుగునీళ్ళు శుద్ధి చేసే ప్లాంటులో ఆపరేటర్‌ని. పైన వందల ఇళ్ళవాళ్ళు వదిలించుకున్న ప్రతిదీ చివరికి నా దగ్గరికే వస్తుంది. కాబట్టి కంపు గురించి మాట్లాడే అర్హత నాకంటే ఎక్కువ ఎవరికీ లేదని నా నమ్మకం. ఆ చదువు నాకు బడిలో రాలేదు. మా తాతయ్య చేతుల దగ్గర అబ్బింది.

పోయిన నెల మా క్లబ్‌హౌస్‌లో కొందరు కుర్రాళ్ళు చేరి పాత కెమెరాల రీళ్ళు కడిగారు. అందరూ గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళే. మెడల్లో వాళ్ళ తాతల వయసున్న కెమెరాలు, చేతులకు నీలం తొడుగులు. రీళ్ళేమో తారీకు దాటి ఏళ్ళయినవి, వెతికి మరీ తెప్పించుకున్నారు. పాల ప్యాకెట్ మీద తారీకు ఒక్కరోజు దాటితే సెక్యూరిటీ గేటు దాకా గొడవ తెచ్చే ఇళ్ళు అవి. కాఫీ పొడిలో బట్టల సోడా కలిపి అందులో రీలు ముంచారు. ఆ రెండూ కలిస్తే వచ్చే వాసన ఎలాంటిదో నేను చెప్పను, మీరు ఇప్పుడే భోంచేసి ఉండవచ్చు. ఆ నీళ్ళు సింకులో పారబోయవచ్చా అని అడగడానికి నన్ను పైకి పిలిచారు. ఒక అమ్మాయి సంబరంగా, "ఎక్స్‌పైరీ అయిన రీలయితే మచ్చలు భలే వస్తాయి అంకుల్" అంది. మచ్చలే కావాలంటే నా ప్లాంటుకు రమ్మన్నాను, ఎన్ని కావాలంటే అన్ని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఒక అడుగు వెనక్కి వేశాను. సగం ఆ వాసనకు, సగం ఆ రంగుకు. వీళ్ళు కాఫీతో రీలు కడుగుతున్నారు. ఒకప్పుడు నేను చాయ్‌తో కడిగించబోయాను.

మా తాతయ్య కోస్తా నుంచి వచ్చినవాడు. నగరంలో ఒక మిషన్ ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫిల్ములు కడిగే పని చేసి రిటైరయ్యాడు. ఏళ్ళ తరబడి ఆ మందునీళ్ళలో నానిన వేళ్ళు ఆయనవి. గోళ్ళు పొగాకు రంగులో ఉండేవి. ఆ చేతులకొక వాసన ఉండేది. తుప్పుపట్టిన ఇనుము, మురిగిన కోడిగుడ్డు, పాతబడిన పచ్చడి నూనె, ఈ మూడూ ఒకే గదిలో కిరాయికి ఉన్నట్టు. కుంకుడురసానికి పోదు, బూడిదకు పోదు. మా అమ్మ నర్సు. ఆమె డ్యూటీకి పోతే పప్పన్నం కలిపి నాకు ముద్దలు పెట్టేది ఆ చేతులే. నేను రెండు వేళ్ళతో ముక్కు మూసుకుని నోరు తెరిచేవాణ్ణి. పక్కింటి అక్క గడప మీంచి చూసి, "ఏంది తమ్మీ, అన్నం తింటున్నవా, దవాఖానల మందు తాగుతున్నవా" అని ఎక్కిరించేది. తాతయ్య మాత్రం ఏమీ అనేవాడు కాదు. ముద్ద చిన్నది చేసేవాడు, తొందరగా మింగుతానని.

అప్పటి గచ్చిబౌలి అంటే బండలు. మా రేకుల ఇంటి వెనక నుంచి మొదలైతే చూపు ఆనినంత దూరం బండలే. పక్కింటి అక్క భర్త ఆ బండలకు రంధ్రాలు చేసే మిషన్ మీద పనిచేసేవాడు. ఇప్పుడక్కడ అద్దాల ఆఫీసులు లేచాయి. మా స్నానాల గది ఎక్కడుండేదో సుమారుగా చెప్పగలను, ఒక పార్కింగులో రెండు పిల్లర్ల మధ్య.

ఆ స్నానాల గదే మా తాతయ్య డార్క్‌రూమ్. కిటికీకి గోనెసంచులు కుట్టి, సందులకు తారు పూశాడు. ఆయన దగ్గర రెండు కెమెరాలుండేవి, అప్పటికే ముసలివి. ఒకటి డబ్బా కెమెరా. రెండోదానికి ముందు మడతల సంచి ఉండేది, దాని చిల్లులకు సైకిలు ట్యూబు పంక్చర్ ముక్కలు అతికించాడు. రీళ్ళు, మందులు అన్నీ తారీకు దాటినవే. ఆసుపత్రిలో పారేయమన్న డబ్బాలు ఆయనకు పారేయబుద్ధి కాలేదు. గడ్డకట్టిన పొడిని రోకలితో దంచి, నీళ్ళలో కరగబెట్టి, గుడ్డలో వడగట్టేవాడు. అదే డెవలపర్, రీలు మీద బొమ్మ తెప్పించే మందు. తాజాగా ఉంటే నీళ్ళలా ఉంటుందట. మాది ఎప్పుడూ చిక్కటి చాయ్ డికాక్షన్ రంగులో ఉండేది. కలిపిన రోజు ఇంట్లో నాకు అన్నం దిగేది కాదు. బల్లులు కూడా గోడ మారేవని ఆ రోజుల్లో నేను చెబుతుండేవాణ్ణి. అది కొంచెం ఎక్కువే చెప్పాననుకోండి.

రీలు కడిగేటప్పుడు తలుపు వేసి, నన్ను లోపలే కూర్చోబెట్టుకునేవాడు. చీకట్లో రీలు రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని, మందులోంచి ఉయ్యాలలా పైకీ కిందికీ లాగాలి. వేళ్ళు మందులో మునగాల్సిందే. గడియారం కనబడదు కాబట్టి ఆయన పరలోక ప్రార్థన చెప్పేవాడు. ఒక్కో ప్రార్థనకు అర నిమిషం. ఇరవై ప్రార్థనలు అయ్యాక రీలు, వచ్చిన బొమ్మను నిలబెట్టే హైపో నీళ్ళలోకి మారేది. లెక్క తప్పకుండా నేను వేళ్ళు మడవాలి. తలుపు తీస్తే రీలు మీద బొమ్మలు. ఇదంతా చూసి చూసి నాకొక సిద్ధాంతం తయారైంది. బొమ్మ వచ్చేది ప్రార్థన వల్ల. ఆ కంపునీళ్ళు ఊరికే, తాతయ్య అలవాటు. ఆదివారం చర్చికి పోయే ఇంట్లో పెరిగిన ఎనిమిదేళ్ళవాడికి ఇంతకంటే మంచి లెక్క ఏది తోస్తుంది చెప్పండి.

ఒక రోజు సాయంత్రం పక్కింటి అక్క పాత చీరముక్కలో చుట్టిన డబ్బా కెమెరా ఒకటి పట్టుకొచ్చింది. ఆమె భర్త ఆదివారం అంగడిలో కొన్నది. వాళ్ళకు మొదట ఒక ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లను ఆయన ఆ కెమెరాతో ఫొటోలు తీశాడు. రీలు కడిగించేలోపే జ్వరం వచ్చి పిల్ల పోయింది. అప్పటికి దానికి ఇంకా ఏడాది నిండలేదు. ఆ కెమెరాను ఆయన ట్రంకుపెట్టె అడుగున పడేశాడు. ఆరేళ్ళు ఎవరూ తీయలేదు. ఈలోగా కొడుకు పుట్టి నడుస్తున్నాడు.

"తాతా, దాని మొకం యాదికొస్తలేదు," అంది అక్క. "కండ్లు మూసుకుంటే చిన్నోని మొకమే కనవడుతున్నది. మొన్నటిదాంక జర జర యాదికుండె. ఇగ మొత్తమే పోతదేమో. ఇందుల ఉంటది, తీస్తవా?"

తాతయ్య కెమెరాను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పాడు. రీలు పాతది, మందు దానికంటే పాతది, అదీ చివరి డబ్బా. "ఒక్కసారే అమ్మాయ్. తప్పిందంటే మళ్ళీ ఏమీ ఉండదు. ఆలోచించుకో." ఆమె ఆలోచించుకోలేదు. పొద్దున్నే వస్తానంది.

ఆ సాయంత్రమే ఆయన ఆఖరి డబ్బా దంచి మందు కలిపాడు. ఎనామిల్ బేసినులో పోసి, చల్లబడడానికి స్నానాల గదిలో పెట్టాడు. నేను దుప్పటి ముసుగేసుకుని అన్నం తిన్నాను. తెల్లవారింది. తాతయ్య తన దగ్గరుండే చర్చి తాళాలు ఇచ్చి రావడానికి పోయాడు. అమ్మ డ్యూటీకి పోయింది. ఇంట్లో నేనూ, ఆ వాసనా. పొయ్యి పక్కన గిన్నెలో పొద్దుటి డికాక్షన్ మిగిలి ఉంది. రంగు చూశాను, అదే రంగు. ప్రార్థన ఎలాగూ తాతయ్యే చేస్తాడు. కంపు లేకుండా పని జరిగిపోతుంది, ఆయన చేతులు ఇవాళ చాయ్ వాసన వస్తాయి, రేపటినుంచి నేను ముక్కు మూసుకోనక్కర్లేదు. నా జీవితంలో నేను అంత తెలివిగా ఆలోచించిన రోజు అంతకు ముందు లేదు, తర్వాతా లేదు. బేసిను మోసుకెళ్ళి ఇంటి వెనక బండ మీద కుమ్మరించాను. సబ్బు పెట్టి బేసిను తోమాను. నా చేతులు మోచేతుల దాకా తోముకున్నాను. డికాక్షన్‌లో నీళ్ళు కలిపి పోసి, ఏమీ ఎరగనట్టు గడప మీద కూర్చున్నాను.

తాతయ్య వచ్చాడు. అక్క వచ్చింది, తలుపు బయట నిలబడింది. మేం లోపలికి పోయి తలుపు వేసుకున్నాం. చీకట్లో కెమెరా తెరిచిన చప్పుడు, రీలుకు చుట్టిన కాగితం విప్పిన చప్పుడు వినిపించాయి. రీలు ముంచేముందు తాతయ్య ఎప్పుడూ రెండు వేళ్ళు మందులో పెట్టి ఒకదానికొకటి రుద్ది చూసేవాడు. డెవలపర్ సబ్బునీళ్ళలా జారుతుంది. ఇది జారలేదు. వేళ్ళు మళ్ళీ రుద్దినట్టు తెలిసింది. ముక్కు ఎగపీల్చాడు. తర్వాత నాలుక చప్పరించిన చప్పుడు.

బయట అక్క గాజులు కదిలితే అవి వినిపించాయి.

"పంచదార వెయ్యలేదేంరా," అన్నాడు తాతయ్య.

నా మీద ఎవరూ అంత మెల్లగా జోకు వెయ్యలేదు. అంత గట్టిగా తగిలిందీ లేదు. ఎక్కడ పోశావని అడిగాడు. బండ మీద అన్నాను. పారిందా, నిలిచిందా అన్నాడు. నాకు తెలియదు. ఆయన రీలును తడుముకుంటూ మళ్ళీ నల్లకాగితంలో చుట్టి, ఎక్స్‌రే ఫిల్ముల ఇనుప డబ్బాలో పెట్టి మూత బిగించాడు. తలుపు తీశాడు.

అక్క మొహం పాలిపోయింది. తాతయ్యే చెప్పాడు. "నా చెయ్యి తగిలి మందు ఒలికిపోయిందమ్మా. నాదే తప్పు. ఉన్నకాడికి ఎత్తుకొస్తాను." మా తాతయ్యకు అబద్ధం అబ్బలేదు. గదిలో ఒలికిన మందు ఇంటి వెనక బండ మీదికి ఎలా నడిచిపోయిందో ఆయన చెప్పలేదు. నేను నోరు తెరవలేదు. ఆమె నమ్మిందనే అనుకున్నాను.

బండ మీద ఒక గుంట ఉంది, వాన నీళ్ళు నిలిచేది. నా అదృష్టమో, అక్క అదృష్టమో, మందు చాలావరకు అందులోకే చేరింది. ఆ గుంటలో ఇంకేమేం ఉన్నాయో చెప్పాలి. అంతకు ముందు వారం పడిన వాన నీళ్ళు, పాచి, మేక పెంటికలు, తోకలాడిస్తున్న దోమ పురుగులు. వాటి మీద మా తాతయ్య ఆఖరి డబ్బా డెవలపర్. ఎండకు అది అప్పుడే బుడగలు కడుతోంది. వాసన ఇంతకుముందు చెప్పిన మూడూ, వాటికి తోడు మేకల దొడ్డి. నేను ముక్కూ నోరూ కలిపి మూసుకుని దూరంగా నిలబడ్డాను.

తాతయ్య తెల్ల పంచె ఎగగట్టి ఆ గుంట పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దోసిళ్ళతో ఎత్తి, భుజం మీది తువ్వాలులోంచి బేసినులోకి వడగట్టడం మొదలుపెట్టాడు. అక్క రెండు క్షణాలు చూసి, కొంగు నడుముకు దోపి, ఎదురుగా తనూ కూర్చుంది. నాలుగు చేతులు ఆ గుంటలోకి పోతున్నాయి, వస్తున్నాయి. అడుగున మిగిలింది దోసిలికి అందకపోతే తాతయ్య తువ్వాలు అంచు ముంచి పిండాడు. నన్ను ఎవరూ పిలవలేదు. రా, పట్టు, అని ఒక్క మాట అంటే బాగుండేదని నాకు అరవై దాటాక తోచింది. అప్పుడు మాత్రం పిలవనందుకు సంతోషించాను. అది తలుచుకుంటే నా ప్లాంటు వాసన చాలా నయం.

బేసిను సగం కూడా నిండలేదు. పలచబడిన మందు. తాతయ్య ఆ రోజు ఇరవై ప్రార్థనల దగ్గర ఆగలేదు. నా వేళ్ళన్నీ మడిచి, విప్పి, మళ్ళీ మడిచినా ఆయన చెబుతూనే ఉన్నాడు. గొంతు జీరపోయింది. రీలు పైకీ కిందికీ పోతున్న చప్పుడు మాత్రం ఆగలేదు. నా సిద్ధాంతం ఆ చీకట్లోనే చచ్చిపోయింది. ప్రార్థన చేసే నోరు వేరు, బొమ్మ తెచ్చే చేతులు వేరు, రెండూ ఒకే మనిషివి కావాలని కొంచెం కొంచెంగా అర్థమైంది.

హైపోలో ముంచి, నీళ్ళలో కడిగి, రీలును వెలుతురులోకి తెచ్చాడు. ఎనిమిది బొమ్మల రీలు. ఏడు చోట్ల ఉత్త పొగ. ఎనిమిదో దాంట్లో ఏదో నీడ, నెగటివ్ కాబట్టి తెల్లది నల్లగా, నల్లది తెల్లగా. అక్క అటు తిప్పింది, ఇటు తిప్పింది. "ఏం కనవడతలేదు తాతా," అంది. ఆ మాట అన్న తీరు నాకిప్పటికీ చెవిలో ఉంది, అందులో ఏడుపు కూడా లేదు.

తాతయ్య ఆమె చేతిలోంచి రీలు తీసుకున్నాడు. ఆరేళ్ళు ఆ రీలును చుట్టుకుని ఉన్న నల్లకాగితాన్ని అరచేతిలో పరిచి, రీలులో ఆ ఎనిమిదో బొమ్మను దాని మీద ఆనించి, ఎండకు కొంచెం ఏటవాలుగా వంచాడు. మందు పలచబడి బొమ్మ పలచగా వచ్చింది కదా, ఆ పలచదనమే అక్కడ పనికొచ్చింది. నలుపు మీద పెట్టేసరికి నీడ తిరగబడింది. తెల్లది తెల్లగా, నల్లది నల్లగా. బండ మీద కూర్చోబెట్టిన పసిపిల్ల. ఒక చెంప మీద పెద్ద మచ్చ, అది మందు మచ్చ. ఒక కన్ను పొగలో పోయింది. రెండో కన్ను, ముక్కు, తెరిచిన నోరు ఉన్నాయి.

అక్క దాన్ని తాకలేదు. వంగి చూస్తూ, "నవ్వుతున్నది," అంది. ఇంకొంచెం వంగి, "కింది పన్ను అప్పుడే వచ్చింది దానికి. మర్చేపోయిన," అంది. తాతయ్య అలాగే చెయ్యి వంచి నిలబడ్డాడు. ఆమె చాలనేదాకా ఆ చెయ్యి కదపలేదు.

ఆ మధ్యాహ్నం ఆయన చేతులు కుంకుడురసంతో, బూడిదతో, చింతపండుతో కడుక్కున్నాడు. అన్నం కలపబోయి చేతులు వాసన చూసుకుని, కంచం నా వైపు జరిపి, ఇవాళ నువ్వే తినరా అన్నాడు. నేను ఆయన మణికట్టు పట్టుకుని నోటి దగ్గరికి లాక్కున్నాను. ముక్కు మూసుకోలేదు. ఇక్కడ నాకు ఆ వాసన తెలియలేదనో, అమృతంలా ఉందనో రాస్తే మీకు బాగుంటుంది. అసహ్యంగా ఉంది. రెండు ముద్దలు మింగాను. మూడోది వాకిట్లోకి పరిగెత్తి కక్కేశాను. తాతయ్య వెనకే వచ్చి వీపు రాశాడు, ఆ చేత్తోనే.

ఆయన ఆ సంగతి మళ్ళీ ఎత్తకుండానే పోయాడు. నాకు కంపు మీద అసహ్యం ఇప్పటికీ పోలేదు. నా పనిలో అది రోజూ కొత్తగానే ఉంటుంది. ఆ రోజునుంచి నా వెంట వచ్చింది ఒక్కటే అలవాటు. కంపున్న చోట ఎవరో ఒకరు చెయ్యి పెట్టక తప్పదు కాబట్టి, ముందు నాది పెడతాను. తొడుగు వేసుకునే పెడతాను లెండి, నేను మా తాతయ్యను కాదు. క్లబ్‌హౌస్ కుర్రాళ్ళ కాఫీ బకెట్టు కూడా నేనే మోసుకొచ్చాను. ఆ మచ్చల కోసం సంబరపడిన అమ్మాయి కూడా మెట్ల దాకా ఒక చెయ్యి వేసింది.

అక్క ఇప్పుడు మణికొండలో కొడుకు దగ్గర ఉంటోంది. పోయిన ఆదివారం పోయాను. చిక్కుడుకాయలు ఈనె తీస్తూ కూర్చుంది. కాఫీతో రీలు కడిగిన కథ చెబితే నవ్వింది. ఆ నవ్వు చూసి ధైర్యం వచ్చి, ఇన్నేళ్ళ తర్వాత ఆ మాట బయటపెట్టాను. ఆ రోజు మందు ఒలికింది తాతయ్య చెయ్యి తగిలి కాదక్కా, పారబోసింది నేను, అన్నాను. పెద్ద రహస్యం విప్పాననే అనుకున్నాను.

ఆమె చేతిలో కాయ ఈనె తీసి గిన్నెలో వేసి అప్పుడు తలెత్తింది.

"నాకు ఆ దినమే ఎరుక తమ్మీ. మీ తాత చేతులు గబ్బు కొట్టవట్టె, తప్పు నాదే అన్నడు. నీ చేతులు సబ్బు వాసన రావట్టె, నోరు మూసుకొని నిలవడ్డవు. అన్నం ముందట గూడ చేతులు కడగని పోరడు పొద్దుగాల మోచేతులదాంక ఎందుకు కడిగిండో నాకు తెల్వదనుకున్నవా?"